ఆ 120 రోజుల లెక్క తప్పింది నేనే

మా ఆఫీసు క్లయింట్లందరికీ నమస్కారం.

నెల రోజులుగా మీలో కొందరు ఫోన్ చేసి, కేసు గురించి రెండు ముక్కలు మాట్లాడి, చివర్లో "మేడం, ఒక మాట విన్నాం..." అని ఆగిపోతున్నారు. విన్నది నిజమే. ఒక వ్యాపార దావాలో మన క్లయింటు తరఫున వేయాల్సిన రిటన్ స్టేట్‌మెంట్, అంటే దావాకు మన జవాబు, గడువు దాటిపోయింది. తప్పు మా ఆఫీసుదే. కారణం మాత్రం మీరు విన్నట్టు నా ఫ్రీ కేసులు కాదు. ఆ క్లయింటు పేరు అడగొద్దు, పేరు లేకుండా రాస్తానంటేనే సరేనన్నారు. దీన్ని పదిమందికీ పంపకండి కూడా. లాయర్లు తమ గురించి తాము ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూల్ ఉంది. తప్పు ఒప్పుకోవడం ఏ రకం ప్రచారమో తెలీదు గానీ, ఎందుకొచ్చిన గొడవ.

కమర్షియల్ కోర్టులో దావా పడితే సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. తగిన కారణం చూపిస్తే, ఖర్చులు కట్టించుకుని కోర్టు 120 రోజుల దాకా ఒప్పుకోవచ్చు. 121వ రోజున జడ్జిగారికి జాలి కలిగినా లాభం లేదు. మామూలు సివిల్ దావాల్లో దొరికే వెసులుబాటు ఇక్కడ లేదని సుప్రీంకోర్టు 2019లోనే తేల్చేసింది. 2015లో ఈ కమర్షియల్ కోర్టుల చట్టం వచ్చినప్పుడు కోటి రూపాయలు, ఆ పైన ఉన్న తగాదాలకే వర్తించేది. 2018లో దాన్ని 3 లక్షలకు దించారు. అంటే మీలో దాదాపు అందరూ ఇప్పుడు దీని కిందికే వస్తారు.

క్లయింటు సమన్లు తెచ్చిన రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. "ఎప్పుడొచ్చిందండీ?" అని అడిగాను. "సోమవారం" అన్నారు. డైరీలో ఆ తేదీ నా చేత్తో నేనే రాసుకున్నాను. సోమవారం వచ్చింది ఆయన చేతికి. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు ఆ కవరు అంతకు తొమ్మిది రోజుల ముందే, శనివారం నాడు వచ్చింది. ముందు గదిలో కూర్చునే కుర్రాడు సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కొట్టి, మిగతా టపా కింద పెట్టేశాడు. కంపెనీ విషయంలో రిజిస్టర్డ్ ఆఫీసులో ఇచ్చి వెళ్ళినా సమన్లు అందినట్టే. ఎండీగారు విప్పి చదివారా లేదా అన్నది చట్టానికి అక్కర్లేదు.

మా లెక్కలో 118వ రోజున జవాబు వేశాం. అసలు లెక్కలో అది 127. "118 దాకా ఎందుకు కూర్చున్నారు?" అని మీరు అడగొచ్చు. లెడ్జర్లు ఆలస్యంగా వచ్చాయని చెప్పొచ్చు, వచ్చాయి కూడా. కానీ ఇంకా టైముందిలే అన్న ధీమా నాది. కవరు చూపించమని అడగలేదు. సమన్లు ఎప్పుడు అందాయో కోర్టు ఫైల్లో రిపోర్టు ఉంటుంది, గుమస్తాను పంపితే పది నిమిషాల పని. పంపలేదు. అవతలి లాయరు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు, లేచి ఆ కాగితం జడ్జిగారికి అందిస్తుంటే 22 ఏళ్ళ ప్రాక్టీసులో మొదటిసారి ఎటు చూడాలో తెలియలేదు.

దావా పూర్తిగా పోయినట్టు కాదు. వాది సాక్షుల్ని ఎదురు ప్రశ్నలు (క్రాస్) వేయొచ్చు, చట్టం మీద వాదించొచ్చు. సరుకు నాసిగా వచ్చిందన్న మన కథ మాత్రం మనంతట మనం చెప్పుకోలేం, అవతలివాళ్ళ నోటితోనే ఒప్పించాలి. ఆయన కట్టిన ఫీజు మొత్తం తిరిగిచ్చేశాను. వేరే లాయరును పెట్టుకుంటామంటే నో అబ్జెక్షన్ సంతకం చేసిచ్చాను. పెట్టుకున్నారు.

ఇక మీరు విన్న మాట. "ఆవిడకు ఫ్రీ కేసుల మీదున్న ధ్యాస డబ్బు కట్టే కేసుల మీద లేదు." ముగ్గురు నా ఎదుటే అన్నారు. అందులో ఒకాయన, పదిహేనేళ్ళుగా వస్తున్న మనిషి, మర్యాదగానే అన్నారు: "ఓ ఏడాది ఆ జైలు పని ఆపండి మేడం, అందరికీ నమ్మకం కుదురుతుంది." గట్టిగా తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

ఆ జైలు పనేంటో చెప్పాలి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార చట్టం చెబుతోంది. న్యాయ సేవాధికార సంస్థ తరఫున నేను శుక్రవారం మధ్యాహ్నాలు జైలుకు వెళ్తాను. మొదట్లో ఒక కుర్రాడు కలిశాడు. నేరాన్ని బట్టి 60 రోజులో 90 రోజులో దాటినా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడగాలి. అడిగేలోపు ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోయినట్టే. అతనికి 90 దాటి నాలుగు రోజులైంది, చెప్పినవాళ్ళు లేరు. శనివారం కూర్చుని పిటిషన్ రాశాను. సోమవారం పొద్దున కోర్టుకు వెళ్ళేసరికి ఛార్జిషీటు పడి ఉంది. ఇంకో ఏడు నెలలు లోపలే ఉన్నాడు.

అప్పటి నుంచి అక్కడ నా లెక్క ఒక్క రోజు తప్పలేదు. రిమాండ్ చేసిన రోజునూ లెక్కలో కలపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దావాల్లోనేమో సమన్లు అందిన రోజును వదిలేసి లెక్కపెడతాం. ఇంత తెలిసిన దాన్ని ఇక్కడెలా తప్పానంటే, జైల్లో ఎవరి నోటి మాటా నమ్మను, రిమాండ్ కాగితం చూశాకే తేదీ రాసుకుంటాను. ఇక్కడ తెలిసిన మనిషి, టీ తాగుతూ చెప్పిన తేదీ కదా అని రాసేసుకున్నాను.

అయినా ఆపేద్దామనే అనుకున్నాను. ఆ సంస్థ లాయర్ల ప్యానెల్ నుంచి నా పేరు తీసేయమని ఉత్తరం టైపు చేయించి బ్యాగులో పెట్టుకు తిరిగాను. రెండు శుక్రవారాలు జైలుకు వెళ్ళకుండా మీకోసం ఆఫీసులోనే కూర్చున్నాను. ఎంతమంది వచ్చారో చెప్పనా? ఒక్కరు. అదీ క్యాలెండరు ఇచ్చిపోవడానికి. మూడో శుక్రవారం ఉత్తరం చింపేసి వెళ్ళిపోయాను. ఆ పని ఆపితే చేయని తప్పు ఒప్పుకున్నట్టు, చేసిన తప్పు కప్పెట్టినట్టు అవుతుంది. మొండితనం అనుకుంటే అనుకోండి.

ఇకమీదట నోటి లెక్క మీద ఏ తేదీ రాయం. ముద్ర పడిన కవరు తెస్తేనే ఫైలు తెరుస్తాం, కోర్టు రికార్డుతో సరిచూసి జూనియరు వేరే డైరీలో రాస్తుంది. జవాబు 60వ రోజులోపు వేసేస్తాం, 45వ రోజుకు కాగితాలు రాకపోతే నేనే ఫోన్ చేసి విసిగిస్తాను. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో కాగితమే తెండి, "మొన్నీమధ్యే" అంటే కుదరదు. అది అందిన 30 రోజుల్లో నోటీసు వెళ్ళాలి. శుక్రవారం రెండు నుంచి ఐదు దాకా నా ఫోన్ పలకదు, జూనియరు ఎత్తుతుంది. ఇంత చెప్పినా నమ్మకం కుదరనివాళ్ళు కబురు పెట్టండి, మీ కేసు కాగితాల కట్ట సిద్ధంగా ఉంచుతాను.

ఆ కంపెనీలో ముందు గది కుర్రాణ్ణి తీసేశారట. మీలో ఎవరికైనా ఆఫీసుకు మనిషి కావాలంటే చెప్పండి. సంతకం పక్కన తేదీ వేసే అలవాటున్న కుర్రాడు.