శీనుగాడికి, ఆఖెన్ నుంచి

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూసి మూడు రోజులైంది. రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఆదివారం దాకా ఆగాను. జర్మనీలో ఆదివారం దాదాపు కొట్లన్నీ బంద్. నిన్న పెరుగు కొనడం మర్చిపోయి పొద్దున్నుంచీ నన్ను నేనే తిట్టుకుంటున్నా.

"అంత దూరం వెళ్లి ఏం ఒరిగిందిరా?" అన్నావు. మీ తమ్ముడు చిన్నోడు కూడా ఎమ్మెస్‌కి వస్తానంటున్నాడు కాబట్టి ముందు డబ్బు సంగతి. నా కోర్సుకి ట్యూషన్ ఫీజు లేదు. సెమిస్టర్‌కి 300 యూరోల పైచిలుకు కడతాం, దేశమంతా తిరిగే లోకల్ రైళ్ల టికెట్ కూడా అందులోనే. అంతటా ఇలాగే ఉంటుందనుకోకు, స్టుట్‌గార్ట్ ఉన్న రాష్ట్రంలో మనలాంటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కి 1,500 తీసుకుంటారు. అసలు బరువు బ్లాక్డ్ అకౌంట్‌ది, అంటే ఇక్కడ బతకడానికి మన దగ్గర డబ్బుందని వీసాకి చూపించే ఖాతా. 11,904 యూరోలు ముందే వేసి చూపించాలి, వచ్చాక నెలకి 992 చొప్పున వదులుతారు. అది మన డబ్బే, మనకే తిరిగొస్తుందని నాన్నకి నచ్చజెప్పేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది.

ఇక ఒరిగిందేమిటంటే, నేను మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు తప్పాను. నవ్వకు! ఇక్కడ ఫలితాలొచ్చాక ఒక రోజు పెట్టి, దిద్దిన పేపరు మన చేతికిస్తారు. క్లౌజూర్ ఐన్‌జిష్ట్ అంటారు. మన బీటెక్ గుర్తుందా? రీవాల్యుయేషన్‌కి డబ్బు కట్టి, నెలంతా దేవుడికి దణ్ణాలు పెట్టుకుంటే చివరికి "నో చేంజ్" అని వచ్చేది. ఎందుకు తప్పామో ఎవడూ చెప్పలేదు, మనమూ అడగలేదు.

ఆ రోజు పేపరు తిప్పితే మూడో లెక్కలో మైనస్ ఉండాల్సిన చోట ప్లస్. అక్కణ్ణుంచి కిందిదంతా ఎర్ర ఇంకుతో కొట్టేశారు. కానీ ఆ తప్పు పక్కనపెడితే పద్ధతి సరైందే. అడగాలా వద్దా అని పావుగంట చెమటలు కక్కి, చివరికి చెయ్యెత్తాను. దిద్దినాయన వచ్చి, వేలు పెట్టి వరసగా చదివి, "నిజమే" అని రెండు మార్కులు కలిపాడు. అయినా పాసవలేదులే, ఇంకా ఒక్కటి తగ్గింది! కానీ ఆయన పక్కన కుర్చీ లాక్కుని నాలుగో లెక్క ఎక్కడ చెడిందో బొమ్మ గీసి చూపించాడు. రెండోసారి రాసి గట్టెక్కాను. "సార్" అన్నాక నోరు పెగలడం ఆ రోజే మొదలైంది, ఇప్పుడు క్లాసులో నన్ను ఆపడమే కష్టం.

అన్నట్టు, ఇక్కడ క్లాసయ్యాక చప్పట్లు కొట్టరు, వేళ్ల కణుపులతో బల్లలు బాదుతారు. మొదటి రోజు పాపం ప్రొఫెసర్ని గోల చేస్తున్నారనుకున్నా.

పని విషయానికొస్తే, విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు అనుమతి, డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి 18 నెలలు. నేను తొలి ఏడాది గోడౌన్‌లో పెట్టెలు మోశా, ఇప్పుడు ల్యాబ్‌లో చేస్తున్నా. జర్మన్ రాకపోయినా ఫర్వాలేదనే కన్సల్టెన్సీల మాట చిన్నోణ్ణి నమ్మొద్దను. మన చదువు కాగితాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి ఇప్పుడే అప్లై చెయ్యమను, అది లేకుండా వీసా కదలదు.

వాన తెరిపిచ్చింది, వెళ్తున్నా. ఐదారు కిలోమీటర్ల దూరంలో వాల్స్ ఉంది, అది నెదర్లాండ్స్. అక్కడ ఆదివారం కూడా కొట్లు తీస్తారు. సైకిలేసుకుని పక్క దేశం వెళ్లి పెరుగు తెచ్చుకోవాలి.

నీ
రవి