వెక్కిరించకండి

సంపాదకుడికి నమస్కారం. దేవుణ్ణి నమ్మేవాళ్లకు ఆలోచన లేదని ఈమధ్య చాలామంది తేలిగ్గా అనేస్తున్నారు. నేనూ నమ్మను. కానీ నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు అమ్మ చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లి మొక్కుకుని 11 ప్రదక్షిణలు చేసింది, ఆయన కోలుకున్నాక మోకాళ్ల నొప్పులతోనే 108 పూర్తి చేసింది. హుండీ కూడా లేని గుడి అది. కాపాడింది మందులేనని ఆమెకూ తెలుసు, ఇంటికొచ్చాక ఒక్క మాత్ర తప్పనివ్వలేదు. అయినా ఆ రోజుల్లో తనకు చేయడానికో పని, చెప్పుకోవడానికో తోడు దొరికాయి, కారిడార్‌లో టెన్షన్‌తో తిరిగిన నాకు అవీ లేవు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన 51-ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథంతో పాటే మానవతావాదాన్నీ పెంచుకోమంది. మందులు మానేసి తాయెత్తు కట్టుకోమనేవాణ్ణి నిలదీయండి, భయపడి మొక్కుకున్న మనిషిని కాదు. ఐసీయూ బయట కూర్చున్నవాళ్లతో రోజూ పది నిమిషాలు మాట్లాడే మనిషిని ఆసుపత్రులు పెడితే, నాలాంటివాళ్లకూ కాస్త ధైర్యం దొరుకుతుంది.

- ఒక పాఠకుడు, మెహిదీపట్నం, హైదరాబాద్