అయిదుగురికి సరిపోయే కొత్త నాటికలు

శీనూ,

చేతిలో ఉన్నది అయిదుగురు, సెట్టుకి డబ్బుల్లేవు, గంటలో తెర పడిపోవాలి, పరిషత్తుల్లో చూసిచూసి అరిగిపోయిన కథ మాత్రం వద్దు. నువ్వడిగింది ఇదేగా. అయితే ఈసారి ఇంగ్లండు రచయితల్ని చదవరా. ఈ పాతికేళ్లలో అక్కడ ఒకరిద్దరు నటులతో, ఒక కుర్చీతో అయిపోయే నాటికలు గట్టివి వచ్చాయి. ఒక్క సంగతి ముందే చెప్తా. వీటిలో రచయితలు చాలా విషయాలు కావాలనే చెప్పకుండా వదిలేస్తారు. ఆ ఖాళీల్ని వయొలిన్ బిట్లతోనో, మనం అదనంగా రాసుకున్న డైలాగులతోనో పూడ్చామంటే నాటిక చచ్చిపోతుంది.

మొదట కారిల్ చర్చిల్ రాసిన ‘ఎ నంబర్’ తెప్పించు. 2002లో లండన్ రాయల్ కోర్ట్ థియేటర్లో మైకేల్ గాంబన్, డేనియల్ క్రెయిగ్ వేశారు. నటులు ఇద్దరే, సీన్లు అయిదు, నిడివి దాదాపు గంట. సాల్టర్ అనే తండ్రికి అరవై దాటాయి. ముప్పై అయిదేళ్ల కొడుకు వచ్చి, క్లోనింగ్‌తో పుట్టించిన, అచ్చం తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారట, తను అసలువాడేనా అని అడుగుతాడు. రెండో సీన్లో అసలువాడే వస్తాడు, చిన్నప్పుడే తండ్రి వదిలించుకున్న కొడుకు. ఈ ఇద్దర్నీ, ఆఖర్న వచ్చే ఇంకో నకలు మైకేల్‌నీ ఒకే నటుడు వెయ్యాలి.

ఇందులో తండ్రి పాత్రే కష్టం. సాల్టర్ చెప్పే కథ మాటమాటకీ మారుతుంది. ఆ వేషం వేసేవాడు తెల్లకాగితం మీద మూడు గళ్లు గీసుకోవాలి: ఈ సీన్లో ఏం చెప్పాడు, నిజంగా ఏం జరిగింది, తను చెప్పింది తనే ఎంతవరకు నమ్ముతున్నాడు. ఆ మూడో గడి నిండకుండా రిహార్సల్ మొదలెడితే మొదటి సీన్లోనే దొంగచూపులు చూస్తాడు, ప్రేక్షకుడికి అప్పుడే అంతా తెలిసిపోతుంది.

రెండో చిక్కు డైలాగుల్లో ఉంది. చర్చిల్ ఇందులో కామాలు, ఫుల్‌స్టాపులు చాలావరకు వదిలేశారు. సగం వాక్యాలు మధ్యలోనే తెగిపోతాయి. మనవాళ్లు తెగినచోట ఆగి అవతలివాడి కోసం చూస్తారు, అవతలివాడు ఒక్క క్షణం ఆలస్యమైతే డైలాగు మర్చిపోయారనిపిస్తుంది. తెగిన ప్రతి వాక్యానికీ మిగతా సగం నటుడే రాసుకుని బట్టీ పట్టాలి. ఆపేవాడు ఆపేదాకా చెప్పుకుంటూ పోవడమే వాడి పని. ఆపేవాడేమో అవతలి డైలాగులో చివరి రెండు మాటలు కాకుండా, వాటికి ముందున్న రెండు మాటల్ని క్యూగా, అంటే తను అందుకోవాల్సిన సూచనగా, పట్టుకోవాలి. ఇంకోటి. మనకి క్రియ చివర వస్తుంది కాబట్టి “నేను నిన్ను అక్కడ వది...” దగ్గర తెంపితే వదిలేశాడో, వదల్లేదో తెలియదు. ఆ అనుమానం కావలసిన చోట అక్కడే తెంపు. అక్కర్లేని చోట క్రియ ముగిశాక తెంపు. అనువాదం చేసేవాడు ఈ నిర్ణయాలన్నీ రీడింగులప్పుడే తీసుకోవాలి, బ్లాకింగ్ (స్టేజి మీద ఎవరెక్కడ నిలబడాలి, ఎటు కదలాలి అన్నది) మొదలయ్యాక మార్చొద్దు.

వేషం మార్పుకి విగ్గులూ మీసాలూ వద్దు. చొక్కా మార్చడం, కూర్చునే చోటు మార్చడం చాలు. ఒకడు తండ్రికి దగ్గరగా కూర్చుంటాడు, ఇంకొకడు అసలు కూర్చోడు. కొడుకు వింగులోకి, అంటే స్టేజి పక్క చాటుకి, వెళ్లి చొక్కా మార్చుకొచ్చే ఇరవై సెకన్లూ తండ్రిని లైట్లోనే ఉంచు. బ్లాక్‌అవుట్ ఇచ్చావంటే జనం ఫోన్లు తీస్తారు.

పేర్లు తెలుగు చేద్దామని నీకు అనిపిస్తుంది. వద్దంటాను. సాల్టర్ అన్న పేరుకి మనవాళ్లు రెండు నిమిషాల్లో అలవాటు పడతారు. అతన్ని సుబ్బారావుని చేస్తే ఏ ఊరు, ఎవరి తాలూకు అన్న ఆరా మొదలవుతుంది, నాటికలో దానికి జవాబు లేదు.

చర్చిల్‌దే ‘ఫార్ అవే’ 2000లో వచ్చింది. ముప్పావు గంట పైచిలుకు, మాట్లాడే పాత్రలు మూడే. రాత్రి నిద్రపట్టని చిన్నపిల్ల, మామయ్య షెడ్డు దగ్గర మనుషుల్ని కొట్టడం చూసొచ్చి అత్తని అడుగుతుంది. అత్త ఒక అబద్ధం చెప్తే, పిల్ల తను చూసిన ఇంకో వివరం బయటపెడుతుంది. ఆ పిల్ల ఏడవకూడదు, భయపడకూడదు, మామూలుగా అడగాలి. రెండో అంకంలో ఆ పిల్లే పెద్దదై టోపీలు కుట్టే చోట పనికి చేరుతుంది. రోజురోజుకీ టోపీలు పెద్దవవుతాయి. తర్వాత ఆ టోపీలు పెట్టుకుని, సంకెళ్లతో ఖైదీలు ఊరేగింపుగా చావుకి నడిచిపోతారు.

ఆ ఊరేగింపుకి అయిదుగురు మరీ తక్కువ, పదిమందికన్నా ఇరవైమంది మేలని రచయిత్రే రాశారు. అయిదుగురున్న నీకు ఇదెందుకు చెప్తున్నానంటే, ఊరేగింపులో వాళ్లకి డైలాగు ఒక్కటీ లేదు, ఉండేది ఒక్క సీనే. మీ ఊరి డిగ్రీ కాలేజీ పిల్లలు రెండు సాయంత్రాల రిహార్సల్‌తో చేసేస్తారు. టోపీలు అట్టముక్కలు, పాత పెళ్లిపత్రికలు, చమ్కీ కాగితంతో అయిపోతాయి. గడ్డం కింద ఎలాస్టిక్ తప్పనిసరిగా కుట్టించు, ఒక్క టోపీ జారిపడినా సీను పోతుంది. టోపీ వెడల్పు ఖాయం చేసేముందు హాలు వింగు వెడల్పు టేపుతో కొలవండి. పిల్లలు ఫ్యాషన్ షోలా నడిస్తే జనం నవ్వుతారు. చేతులు కట్టేసి, చూపు నేలమీద పెట్టించి, ఒక్కో అడుగుకీ ఒక ఊపిరి తీసుకోమను. మూడో అంకంలో జంతువులు, దేశాలు, చివరికి వాతావరణం కూడా యుద్ధంలో పక్షాలు తీసుకుంటాయి. దాన్ని పేపర్లో వార్త చదివినట్టు చెప్పాలి. మొదట నవ్వు వస్తుంది, రానివ్వండి. నటులు మాత్రం ఆ నవ్వు వెంట పోకూడదు.

ఒక్క నటుడే గట్టిగా ఉన్నాడంటే సైమన్ స్టీఫెన్స్ ‘సీ వాల్’ ఉంది. అరగంట ఏకపాత్ర. 2008లో లండన్ బుష్ థియేటర్లో కప్పు కారి లైటింగ్ పాడైతే, స్టేజి లైట్లు లేకుండా ఆడే నాటికలు రాయించారు, అందులో ఇదొకటి. ఆండ్రూ స్కాట్ వేశాడు. అలెక్స్ అనే ఫొటోగ్రాఫరు తన భార్య, కూతురు, మామగారి గురించి, సముద్రం పక్కన గడిపిన సెలవుల గురించి చెప్తాడు. చివరికి తెలిసేది కూతురు పోయిన సంగతి. మన ఏకపాత్రల అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది. నటుడు మొదటి నిమిషం నుంచే గొంతు బరువు చేస్తాడు. తొలి పావుగంట జనాన్ని నవ్వించాలి, మామగారి మీద ప్రేమ కనపడాలి. దుఃఖం వచ్చినచోట అతను ఏడుపు ఆపుకుంటుంటే చూసేవాళ్లకి గుండె పట్టేస్తుంది.

దీన్ని డాబా మీదో, స్కూలు వరండాలోనో పగటి వెలుతురులో పెట్టు. ఏప్రిల్లో మనవైపు పొద్దు ఆరుంపావు దాటాకే గుంకుతుంది కాబట్టి అయిదున్నరకి మొదలెడితే వెలుతురుండగానే అయిపోతుంది. అరవై కుర్చీలు, నాలుగు వరసలు, మైకు లేదు. ఫ్యాను చప్పుడుంటే ఆపించు. అదే సాయంత్రం పది నిమిషాలు విరామం ఇచ్చి, లోపల హాల్లో చర్చిల్ 2021లో రాసిన ‘వాట్ ఇఫ్ ఇఫ్ ఓన్లీ’ కూడా వెయ్యొచ్చు. ఇరవై నిమిషాలే. తోడు పోయి ఒంటరైన మనిషి దగ్గరికి జరగకుండా పోయిన భవిష్యత్తులు వచ్చి మాట్లాడతాయి.

నాకు వీటన్నిటిలో ఎక్కువ ప్రేమ ఉన్నది డంకన్ మాక్‌మిలన్, జానీ డోనహో కలిసి చేసిన ‘ఎవ్రీ బ్రిలియంట్ థింగ్’ మీద. 2013లో మొదలైంది, గంట పైన ఉంటుంది, నటుడు ఒక్కడే, ఆడైనా మగైనా. తల్లి ఆత్మహత్యాయత్నం చేసినప్పుడు ఏడేళ్ల పిల్లవాడు బతకడానికి కారణాల జాబితా రాయడం మొదలెడతాడు. మొదటిది ఐస్‌క్రీం. నటుడు నంబరు పిలుస్తాడు, ఆ నంబరు చీటీ ఉన్న ప్రేక్షకుడు పైకి చదువుతాడు. పశువుల డాక్టరు, తండ్రి లాంటి పాత్రలు కూడా ప్రేక్షకులే.

ఇందులో సగం పని ఆట మొదలవకముందే జరిగిపోవాలి. నటుడు అరగంట ముందే జనంలోకి వెళ్లి చీటీలు తనే పంచాలి, మాట్లాడుతూ ఎవరు బిడియస్థులో, ఎవరు అతి చేస్తారో కనిపెట్టాలి. డాక్టరు పాత్రకి నెమ్మదైన మనిషిని ఎంచుకోవాలి. హుషారు మనిషిని పిలిస్తే ఆ సీను కామెడీ స్కిట్టు అయిపోతుంది. అక్షరాలు పెద్దవిగా, నంబరు ఇంకా పెద్దదిగా అచ్చువేయించు, మన జనంలో సగంమంది కళ్లజోడు ఇంట్లో పెట్టి వస్తారు. చీటీ పుచ్చుకున్నాయన మధ్యలో లేచి వెళ్లిపోతాడు, కాబట్టి మొత్తం చీటీల నకలు నటుడి జేబులో ఉండాలి. ఎవరైనా గొణిగితే నటుడు అదే మాట ఆప్యాయంగా తిరిగి చెప్పాలి. హాలు లైట్లు ఆర్పొద్దు, కుర్చీలు నాలుగువైపులా వెయ్యి. విషయం ఆత్మహత్య కాబట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చీటీల వెనక అచ్చువేయించు, ఆట ముగిశాక ఎవరైనా మాట్లాడాలంటే ఒక మనిషిని గుమ్మం దగ్గర ఉంచు.

అనుమతుల సంగతి ఆలస్యం చెయ్యకు. పుస్తకం మొదటి పేజీల్లో, ప్రదర్శనకి ఎవరికి రాయాలో ఉంటుంది. తేదీలు, హాలు, ఎన్ని సీట్లు, టికెట్ ధర, ఎన్ని ఆటలు అన్నీ ఒకే ఉత్తరంలో రాయి. అనువాద అనుమతి విడిగా అడగాలి. జాబితాలో ఐస్‌క్రీం పక్కన ముంజెలు చేర్చాలన్నా అందులోనే అడిగెయ్యి. టికెట్ లేకుండా ఔత్సాహిక బృందాలు ఆడితే మన కాపీరైట్ చట్టంలో కొంత సడలింపుంది కానీ, అనువాదం వేరే హక్కు. జవాబు వచ్చేదాకా హాలుకి అడ్వాన్సు కట్టొద్దు.

‘ఎ నంబర్’ మీ ఇద్దరు పెద్దవాళ్ల చేత ముందు ఒకసారి పైకి చదివించు. తండ్రి వేషానికి ఎవరనుకుంటున్నావో రాయి.

నీ
రఘు