డిస్కుకి తాళం వేయమన్నారు సరే, కరెంటు పోయి వచ్చాక తీసేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆఫీసు కంప్యూటర్లలో డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేసుకోండి, దొంగలు ఎత్తుకుపోయినా డేటా వాళ్ల చేతికి చిక్కదు అని మొన్న మీ పేపర్లో రాశారు. మంచి మాటే, కాదనను. కానీ తాళం వేయడం వరకే రాసి వదిలేశారండీ, మెషిన్ ఆన్ అయ్యేటప్పుడు ఆ తాళం ఎవరు తీయాలో ఒక్క ముక్క లేదు. తంటా అంతా అక్కడే ఉంది, నేను పడ్డా కాబట్టి రాస్తున్నా.

నాది తెనాలి, ఒక ఆడిటర్ గారి ఆఫీసులో అకౌంట్స్ చూస్తా. కంప్యూటర్ల గురించి కాస్త తెలుసని ఆ గోల కూడా నా నెత్తిమీదే పెట్టారు. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, జీఎస్టీ ఫైళ్లు అన్నీ ఒకే ఉబుంటు సర్వర్‌లో ఉంటాయి (విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో ఒక రకం ఉబుంటు), సర్వర్ అంటే పెద్దదేం కాదు, టేబుల్ కింద దుమ్ము పట్టి ఉండే మామూలు సీపీయూనే. పక్క వీధిలో దొంగలు పడి సీపీయూలు కూడా మోసుకుపోయారని తెలిసి భయమేసి డేటా డిస్కుకి లక్స్ పెట్టేశా. లినక్స్‌లో డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి అది. క్రిప్ట్‌ట్యాబ్ అనే ఫైల్లో ఒక లైను రాస్తే మెషిన్ బూట్ అయ్యేటప్పుడే పాస్‌వర్డ్ అడిగి డిస్కు తెరుస్తుంది. పని అయిపోయిందనుకున్నా.

తర్వాత నెల 19 రాత్రి గాలివాన. జీఎస్టీ 3బీ రిటర్నులకి ఆఖరు రోజు 20 అని మీకు తెలుసు కదా. నేనేమో విజయనగరంలో పెళ్లిలో ఉన్నా. కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది, ఎప్పుడో అర్ధరాత్రి కరెంటు వచ్చి సర్వర్ తనంతట తనే ఆన్ అయి, పాస్‌వర్డ్ కోసం తెల్లారేదాకా అలా కూర్చుంది. పొద్దున్నే మా జూనియర్ ఫోను, "అన్నా, నల్ల స్క్రీన్ వచ్చి ఏదో పాస్‌ఫ్రేజ్ అంటోంది." చెప్పా. తప్పు అంటోందన్నాడు. మళ్లీ చెప్పా, మళ్లీ తప్పే. ఇటు సన్నాయి మేళం, అటు వాడికి వినపడక స్పీకర్‌లో పెట్టాడు, నేను అరిచి అరిచి చెప్తున్నా. చివరికి చూస్తే నమ్‌లాక్ ఆఫ్‌లో ఉంది, పక్కన ఉన్న అంకెల మీటలు ఒక్కటీ పడట్లేదు! ఆ రోజుతో ఆ పాస్‌వర్డ్ ఆఫీసందరికీ వచ్చేసింది, టీ తెచ్చే అబ్బాయితో సహా.

ఆ దెబ్బకి కీఫైల్ పెట్టా. అంటే పాస్‌వర్డ్‌కి బదులు ఒక ఫైల్ చేసి అది ఎక్కడుందో క్రిప్ట్‌ట్యాబ్‌లో రాస్తే ఎవర్నీ అడక్కుండా డిస్కు అదే తెరుచుకుంటుంది. హాయిగా ఉందనుకున్నా రెండు వారాలు. తర్వాత బుర్రకెక్కింది, ఆ కీఫైల్ ఉన్నది అదే సీపీయూలో ఎన్‌క్రిప్ట్ చెయ్యని డిస్కులో. సీపీయూ ఎత్తుకుపోతే రెండూ కలిసే పోతాయి, తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించినట్టు. చెడిపోయిన డేటా డిస్కు ఒక్కటే వారంటీకి పంపేటప్పుడు ఇది పనికొస్తుంది, దొంగల విషయంలో మాత్రం దండగ. పోనీ అని కీఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చా, నాలుగు రోజులు జేబులో తిరిగింది, ఐదో రోజు నుంచి సీపీయూకే అతుక్కుపోయింది. మనుషులం కదా.

టీపీఎం చిప్ వాడుకోవచ్చు అంటారు, లినక్స్‌ని బూట్ చేసే సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాంలో 248వ వెర్షన్ నుంచి దానికి కమాండ్ కూడా ఉంది. మదర్‌బోర్డులో ఉండే ఆ చిప్పే తాళం తీస్తుంది. డిస్కు పీకేసి వేరే దాంట్లో పెడితే తెరుచుకోదు, బానే ఉంది. కానీ మొత్తం సీపీయూ పోతే అది దొంగ ఇంట్లో కూడా లాగిన్ స్క్రీన్ దాకా బుద్ధిగా బూట్ అవుతుంది, పిన్ పెడితే తప్ప. పిన్ పెడితే మళ్లీ విజయనగరం కథే.

చివరికి నాకు కుదిరింది టాంగ్, క్లెవిస్ అనే ప్రోగ్రాంల జత. మా సార్ ఇల్లు ఆఫీసు పై అంతస్తే, అక్కడ అటక మీద రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ బోర్డు పెట్టి అందులో టాంగ్ వేశా, క్లెవిస్ కింద సర్వర్‌లో. కింద సర్వర్ బూట్ అవుతూ నెట్‌వర్క్‌లో ఆ బోర్డు పలుకుతుందా అని చూస్తుంది, పలికితే డిస్కు తెరుచుకుంటుంది, సీపీయూ ఊరు దాటితే పలికేవాడు ఉండడు. క్రిప్ట్‌ట్యాబ్‌లో అండర్‌స్కోర్ నెట్‌డెవ్ అని రాయాలి, లేదంటే నెట్‌వర్క్ రాకముందే డిస్కు వెతుక్కుంటుంది. నోఫెయిల్ అని కూడా రాయండి, బూట్‌లో ఏ డిస్కు ఎక్కడ తగిలించాలో ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లోనూ రాయండి, డిస్కు తెరుచుకోకపోయినా మెషిన్ మాత్రం పైకి లేస్తుంది, దూరం నుంచి లాగిన్ అయి మనం చూసుకోవచ్చు. ఇది తెలియకే నాకు ఆ పెళ్లి పాడైంది.

లక్స్2లో 32 దాకా స్లాట్లు ఉంటాయి, అంటే ఒకే డిస్కుకి ఎన్నో తాళంచెవులు. పెద్ద పాస్‌వర్డ్ ఒకటి కాగితం మీద రాసి సార్ బీరువాలో పెట్టించా, స్పీకర్‌లో చెప్పింది తీసేశా. లక్స్ హెడర్ బ్యాకప్ కూడా వేరే చోట దాచా, డిస్కు మొదట్లో ఉండే ఆ కాస్త భాగం చెడితే ఏ పాస్‌వర్డూ పనిచేయదు. అన్నట్టు మా జూనియర్ పాస్‌వర్డ్ తెలుగులో పెడదాం అన్నాడు, ఎవరికీ దొరకదని. బూట్ టైంలో తెలుగు కీబోర్డు రాదు నాయనా, మనకీ దొరకదు అన్నా.

ఇది చిన్న ఆఫీసుల గోలే అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ మెషిన్లు పడిపోయాయి. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉన్నచోట చాలా వాటికి 48 అంకెల రికవరీ కీ కొడితే తప్ప రిపేరు కుదర్లేదు. ఇప్పుడొచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతోంది, చాలామందికి ఉందని కూడా తెలీదు. ఏ బయోస్ (మదర్‌బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేటో అయ్యాక నీలం స్క్రీన్ మీద ఆ 48 అంకెలు అడిగితే అప్పుడు పరుగులు. ఆ కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్లో లాగిన్ అయి చూసుకోవచ్చు, ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే ఇంకా మంచిది.

ఈసారి మీ పేపర్లో ఎన్‌క్రిప్షన్ గురించి రాస్తే ఈ రెండో సగం కూడా రాయించండి సార్, స్క్రీన్ ఫొటోలతో అయితే మా జూనియర్ లాంటి వాళ్లకి ఇంకా ఉపయోగం. 20వ తారీఖు దగ్గర్లో మాత్రం వేయకండి, చదివే తీరిక ఉండదు.

ఇట్లు
మీ పాఠకుడు,
తెనాలి