ఆపరేషన్ల లెక్క సరే, చూపు లెక్క ఏది?

సంపాదకుడికి,

విశాఖలో ఉచిత కంటి శిబిరం జరిగిన మర్నాడు పేపర్లో ఒక్క అంకే వస్తుంది: ఇన్ని శుక్లాల ఆపరేషన్లు చేశాం అని. నెల తిరిగాక వాళ్లలో ఎందరు కళ్లజోడుతో చార్టు మీద 6/12 గీత (మామూలు కంటికి 12 మీటర్ల నుంచి కనిపించేదాన్ని 6 మీటర్ల నుంచి) చదివారో ఎక్కడా కనపడదు. చూపు ఫలితాన్ని కూడా కలిపి లెక్కగట్టాలని ప్రపంచ ఆరోగ్య సభ 2021లోనే తీర్మానించింది.

చూపు సరిగా రాకపోతే జనం ముందు సర్జన్‌నే అంటారు. చాలాసార్లు తప్పు అంతకుముందే, లోపల పెట్టే లెన్స్ పవర్ తేల్చడానికి కంటి పొడవు కొలిచే గదిలో జరిగిపోయి ఉంటుంది. ధ్వని తరంగాలతో ఆ పొడవు కొలిచే ఏ-స్కాన్ యంత్రం ప్రోబ్‌ను నల్లగుడ్డుకు ఆనించేటప్పుడు కాస్త నొక్కుకుపోయినా కన్ను పొట్టిగా చూపిస్తుంది. ఒక మిల్లీమీటరు తేడాకు లెన్స్ పవర్ రెండున్నర, మూడు డయాప్టర్లు మారిపోతుంది. పొట్టి కన్ననుకుని ఎక్కువ పవర్ లెన్స్ పెడతారు. కోత, లెన్స్ అన్నీ చక్కగా కుదిరినా పెద్దాయనకు ఎదురొచ్చే సింహాచలం బస్సు నంబరు కనపడదు. అందుకే రెండు కళ్లూ కొలవాలి, మధ్య తేడా 0.3 మి.మీ. దాటితే మళ్లీ కొలవాలి. కంటిని తాకని ఆప్టికల్ యంత్రాలున్నాయి గానీ, బాగా ముదిరిన శుక్లం దగ్గర అవి చేతులెత్తేస్తాయి. శిబిరాలకొచ్చేవి ఎక్కువగా అలాంటి కళ్లే.

ఇన్ఫెక్షన్ సంగతికొస్తే, ఆపరేషన్ చివర్లో కంటి లోపలికే యాంటీబయాటిక్ ఎక్కించడం మేలని యూరప్ పరిశోధన 2007లో తేల్చింది. తమిళనాడు అరవింద్ ఆస్పత్రుల్లో 6 లక్షలకు పైగా కళ్ల లెక్క 2017లో వెలువడింది. అక్కడ మాక్సిఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్‌తో ఇన్ఫెక్షన్ 0.07 శాతం నుంచి 0.02 శాతానికి దిగింది. ఆపరేషన్ మొదలయ్యే ముందు 5 శాతం పోవిడోన్ అయోడిన్ అనే క్రిములను చంపే మందు కంట్లో 3 నిమిషాలు ఉండాలి. రద్దీలో చుక్క వేసి వెంటనే కడిగేస్తే వేసినా వేయనట్టే.

నెల రోజులకు పవర్ చూసి అద్దాలివ్వాలి. పాడేరు మనిషికి అదంటే ఒకరోజు కూలి, రానుపోను చార్జీలు. రాకపోతే మన లెక్కలో ఆపరేషన్ ‘విజయవంతం’!

శిబిరం ఖర్చులోనే ఆ ఒక్క ప్రయాణానికి డబ్బు కేటాయించాలి. కంటి పొడవు, లెన్స్ పవర్, నెల తర్వాతి చూపు డిశ్చార్జి కార్డు మీద రాయాలి. ఆస్పత్రుల వారీగా ఆ చూపు లెక్కను జిల్లా అంధత్వ నివారణ అధికారులు మూడు నెలలకోసారి ప్రకటించాలి.

- ఒక ఆప్టోమెట్రిస్టు, పెదవాల్తేరు, విశాఖపట్నం