ఎర్ర గడిలో పాలు, ఆకుపచ్చ గడిలో ఎప్పుడూ తిననివి

సంపాదకులు గారికి,

దద్దుర్ల మీద మీ ఆరోగ్యం పేజీలో ఏ వ్యాసం వచ్చినా చివరికి ఒకటే పాట: గుడ్డు మానండి, పాలు మానండి, టమాటా మానండి, చాక్లెట్ మానండి. ఏళ్ల తరబడి ఈ దురదతో వేగుతున్నదాన్ని కాబట్టి అడుగుతున్నాను, ఎవరు మానాలి, ఎన్నాళ్లు మానాలి, ఏ ఆధారంతో మానాలి? దాని పక్కనే, ఒక్క రక్తపరీక్షతో మీకు పడని తిండేదో తేల్చేస్తామని ప్రకటన.

అలాంటి రిపోర్టొకటి ఇప్పుడు నా ముందే ఉంది, మా చెల్లి కూతురిది. పడనివంటూ ఎర్ర గడిలో పాలు, గుడ్డు, గోధుమ, అంటే ఆ పిల్ల రోజూ తినేవన్నీ. ఆకుపచ్చ గడిలో జన్మలో నోట పెట్టనివి. ఎందుకిలా అంటే ఆ పరీక్ష కొలిచేది ఐజీజీని, అంటే రక్తంలో ఉండే ఒక రకం యాంటీబాడీని. ఏదైనా తింటూ ఉంటే దానికి ఐజీజీ తయారవడం మామూలే, అది తిన్న సంగతి చెబుతుంది గానీ పడలేదని కాదు. యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లో, కెనడా సంఘం 2012లో ఈ పరీక్షను నమ్మి తిండి మానొద్దని చెప్పాయి. ఇక్కడ మాత్రం అవన్నీ మానేసి పిల్ల బరువు తగ్గింది, దద్దుర్లు తగ్గలేదు.

ఆరు వారాలు దాటినా పోకుండా వచ్చే దద్దుర్లకు తిండి ఎలర్జీ కారణమయ్యేది చాలా అరుదు. చాలామందిలో సొంత రోగనిరోధక వ్యవస్థే చర్మంలోని కణాలను రెచ్చగొట్టి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనాన్ని విడుదల చేయిస్తుంది. తిండే కారణమైతే సాధారణంగా తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో లేస్తాయి, అదే తింటే మళ్లీ లేస్తాయి. దీనికీ మినహాయింపులున్నాయి లెండి. పిడుదు కుట్టడం వల్ల కొందరికి మాంసం పడకుండా పోతుంది, అది తిన్న మూడు నుంచి ఆరు గంటలకు గానీ బయటపడదు, కొందరికి గోధుమ తిని వ్యాయామం చేస్తేనే వస్తాయి.

అందుకే డైరీ రాయాలి, తిండి ఒక్కటే రాస్తే చాలదు. వేసుకున్న నొప్పి మాత్ర (ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ కొందరికి దద్దుర్లు పెంచుతాయి), జ్వరం, నెలసరి, బిగుతు బట్టలు, చలి, టెన్షన్, అన్నీ టైముతో సహా రాయాలి. ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసి ఫొటో తీసుకోండి. మామూలుదైతే 24 గంటల్లో ఆ గీతలోంచి మాయమై ఇంకోచోట లేస్తుంది. అక్కడే ఉండిపోయి, నొప్పి పెట్టి, కమిలిన మచ్చ మిగిలిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి.

డైరీలో ఒక తిండి మీద గట్టి అనుమానం వస్తే అదొక్కటే మూడు వారాలు మాని, తర్వాత మళ్లీ తిని చూడాలి. ఈ రెండో ముక్క మీ వ్యాసాల్లో నాకెప్పుడూ కనబడలేదు. ఈ జబ్బు దానంతటదే తగ్గుతుంది, పెరుగుతుంది, మానినప్పుడు తగ్గిందని ఆ తిండిని జీవితాంతం వెలివేస్తే ఎలా? పెదాలు, నాలుక వాచినవాళ్లు, ఊపిరాడక ఇబ్బంది పడినవాళ్లు మాత్రం ఇంట్లో ఈ ప్రయోగం చేయకూడదు, అది అలర్జీ డాక్టరు ముందే జరగాలి. నిల్వ చీజ్, వైన్ లాంటివి తగ్గిస్తే కొద్దిమందికి హాయిగా ఉంటుంది, కాదనను, కానీ మూడు వారాల్లో తేడా తెలియకపోతే ఆ పథ్యం ఆపేయడమే.

ఇంకోటి, మాత్రలు అలవాటైపోతాయని భయపెట్టి జనాన్ని పథ్యం మీద నిలబెట్టకండి. మత్తు అంతగా రాని కొత్తరకం యాంటీహిస్టమిన్లు రోజూ వేసుకోవడమే మొదటి చికిత్స, చాలకపోతే డాక్టరు మోతాదును నాలుగు రెట్ల దాకా పెంచవచ్చు.

ఈ ఐజీజీ పరీక్ష ఎలర్జీని నిర్ధారించదన్న వాక్యం ప్రతి రిపోర్టు మీదా అచ్చయ్యేలా ఆరోగ్య శాఖ నిబంధన పెట్టాలి. అది వచ్చేలోపు మీరు ఆ ప్రకటనలు వేసుకోకుండా ఉండగలరా? మీ ప్రకటనల విభాగం ఏమంటుందో ఈ ఉత్తరం కిందే వేయండి, చదువుతాను.

– ఒక పాఠకురాలు