సీసా మూతల తెరచాప

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. నీ శిల్పాన్ని కంచులో పోయడానికి పోతవాళ్లు చెప్పిన రేటు విని మీ అమ్మ "బొమ్మకా, బంగారానికా?" అంది. డబ్బు సంగతి చివర్లో రాస్తాను. "అంత పెట్టుకోలేకపోతే చెత్తతో చేసుకో, ఇప్పుడదే నడుస్తోంది" అని ఎవరో నీకు సలహా ఇచ్చారట. దాని గురించి నాకు కాస్త చెప్పాలనుంది. ఫోన్లో అయితే సగంలోనే "సరే నాన్నా" అంటావు. అందుకని ఉత్తరం.

ఆ మధ్య ఒక చలికాలం లండన్లో ఉన్నప్పుడు మీ అన్నయ్య మమ్మల్ని టేట్ మోడర్న్ అనే ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లాడు. మేం చూసిన దానికి టికెట్ లేదు, అందుకే తీసుకెళ్లాడని నా అనుమానం. ఆ భవనం ఒకప్పుడు కరెంటు తయారుచేసే స్టేషను. టర్బైన్లు తీసేసి హాలుని అలాగే ఉంచారు. 35 మీటర్ల ఎత్తు, 150 మీటర్లు దాటిన పొడవు. అందులో ఎల్ అనాట్సుయ్ అనే శిల్పి పని వేలాడుతోంది. ఘనాలో పుట్టి ఎన్నో ఏళ్లు నైజీరియాలో పనిచేసినాయన. ప్రదర్శన పేరు 'బిహైండ్ ది రెడ్ మూన్'. 2023 అక్టోబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా ఉంచారు.

లోపలికి వెళ్లగానే కనిపించేది తెరచాప. గాలి నిండి ఉబ్బినట్టుంది, దాని మీద గ్రహణం నాటి రంగులో ఎర్రటి చంద్రుడు. బట్ట కాబోలు అనుకుంటూ దగ్గరికి పోయాను. మందు సీసాల మూతలు! వేలకు వేల మూతలు రాగి తీగతో ఒకదానికొకటి కలిపి ఉన్నాయి.

నా ఉద్యోగమంతా ఎక్సైజులో గడిచింది కదా, బొమ్మలు చూడ్డం నీకు వచ్చినట్టు నాకు రాకపోయినా మూతలు చూడ్డం వచ్చు. అల్యూమినియం పీపీ క్యాప్‌ని, అంటే ఎవరైనా ముందే తెరిస్తే తెలిసిపోయే మూతని, మెలితిప్పగానే కింది రింగు తెగి సీసా మెడకే ఉండిపోవాలి. షాపులో సీసా చేతికి తీసుకుంటే మేం మొదట చూసేది దాన్నే. రింగు ముందే తెగి ఉందంటే లోపలి సరుకు ఎవరో మార్చినట్టే లెక్క. అనాట్సుయ్ ఈ ఒక్క మూతనే విడగొట్టి రకరకాలుగా వాడారు. పైనున్న గుండ్రటి బిళ్లలు ఒక తీరు. పక్క గోడను కత్తిరించి, చదును చేసి, మడిచి చేసిన పట్టీలు ఇంకో తీరు. ఇక మెడ రింగులు ఉన్నాయే, వాటిని వల అల్లినట్టు అల్లారు. హాలు మధ్యలో పలచగా వేలాడే ముక్కలు అలాంటివే. నడుస్తూ చూస్తే మనుషుల ఆకారాల్లా విడివిడిగా ఉంటాయి. ఒక చోట ఆగి చూస్తే మాత్రం అన్నీ కలిసి గుండ్రటి భూగోళం అవుతుంది. ఆ చోటు కోసం జనం అటొక అడుగు ఇటొక అడుగు వేస్తూ వెతుక్కుంటున్నారు. మీ అమ్మ నాకంటే ముందే పట్టేసింది.

చివర్న నల్లటి గోడ, పైకప్పు నుంచి నేల దాకా. నేల మీద అది అలల్లా, బండరాళ్లలా లేచి ఉంది. వెనక్కి పోయి చూస్తే అంతా వెండి రంగు, మధ్యమధ్య పసుపూ ఎరుపూ. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ వెనక వైపే.

ఇంటికొచ్చాక ఆయన గురించి చదివాను. 1944లో పుట్టారు. తండ్రీ అన్నలూ కెంటె అనే ఘనా రంగుల బట్టలు నేసే నేతగాళ్లు. ఈయన మాత్రం మగ్గం ఎక్కలేదు. ఘనాలోని కుమాసి ఆర్ట్ కాలేజీలో నేర్పిందంతా యూరప్ పద్ధతి. బయటికొచ్చాక ఆయన మొదట పట్టుకున్నది ఏమిటో తెలుసా? సంతలో సరుకు పరిచి అమ్ముకునే గుండ్రటి చెక్క పళ్లేలు. ఇనుము కాల్చి వాటి మీద గుర్తులు వేశారు. 1975లో నైజీరియాలోని ఎన్సుక్కా యూనివర్సిటీకి పాఠాలు చెప్పడానికి వెళ్లారు. అక్కడ పగిలిన కుండలతో మట్టి పని చేశారు. తర్వాత రంపం మిషనుతో కర్ర కోశారు. ఆ తర్వాత పాల డబ్బాల మూతలు, కర్రపెండలం తురిమే రేకులు. 1998లో ఊరి బయట తుప్పల్లో ఒక సంచీ నిండా సీసా మూతలు దొరికాయి. వెంటనే మొదలుపెట్టలేదు, తెచ్చి పనిచేసే చోట ఓ మూల పడేశారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి.

ఇంత వరసా ఎందుకు రాశానంటే, నీకు సలహా ఇచ్చినవాళ్లు ఆ సంచీ దొరకడం దగ్గరే మొదలుపెడతారు. దానికి ముందు ఆయన పాతికేళ్లకు పైగా జనం చేతుల్లో అరిగిన వస్తువులతోనే పనిచేశారు. ఆయన పనిని రీసైక్లింగ్ అంటే ఆయనే ఒప్పుకోరు. చవగ్గా వస్తాయనో, పర్యావరణం పేరు చెప్పొచ్చనో పట్టుకున్న సరుకు కాదది. ఆ మూతకి పెద్ద చరిత్రే ఉంది. యూరప్ ఓడలు పశ్చిమ ఆఫ్రికా తీరానికి సారాయి తెచ్చి, దానికి మారుగా మనుషుల్ని కొనుక్కుపోయేవి. ఆ మనుషుల్ని సముద్రం దాటించి చెరుకు తోటల్లో పని చేయించేవాళ్లు. ఆ బెల్లపు మడ్డి నుంచి రమ్ము తీసేవాళ్లు. ఆ రమ్ము మళ్లీ ఓడెక్కి ఆఫ్రికా తీరానికి చేరేది. మొదటి తెర ఓడ తెరచాపలా ఎందుకుందో ఇప్పుడు అర్థమైందా? టేట్ అనే పేరు కూడా ఒక చక్కెర వ్యాపారిదే. హెన్రీ టేట్ వ్యాపారంలోకి వచ్చేసరికి బ్రిటన్ వలసల్లో బానిసత్వం రద్దయింది. కానీ ఆ చెరుకు తోటలు లేచింది బానిసల చెమటతోనే.

అక్కడ నిలబడి నేను మన జిల్లా గురించి ఆలోచించాను. 1992లో నేను కుర్ర కానిస్టేబుల్ని. దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం నెల్లూరు జిల్లా అంతా పాకింది. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. దొరికిన ప్యాకెట్లు కుప్పపోసి నిప్పు పెట్టేవాళ్లు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. ఆ సారా ప్యాకెట్టుకి మూతా ఉండదు, సీలూ ఉండదు. మూల పంటితో కొరికి నోట్లో పిండుకోవడమే. తాగి పారేసిన ఖాళీ ప్యాకెట్లు కాలవ గట్ల మీద తెల్లగా పడి ఉండేవి. వాటి ముందు నిలబడి చూడాలని మాకెవరికీ తోచలేదు, పంచనామాలో లెక్క రాసుకుని పోయేవాళ్లం. నిన్ను ప్యాకెట్లతో బొమ్మ చేయమనడం లేదు. నీకు అవి తెలియవు, అప్పటికి నువ్వు పుట్టనే లేదు. నీకు బాగా తెలిసిన సరుకేదో నీ చుట్టూ ఉండే ఉంటుంది, అది కంచు కావచ్చు, కాకపోనూ వచ్చు. ఆయన ఊళ్లో దొరికిందని నువ్వూ మూతలు ఏరితే నకలే అవుతుంది.

ఒక విషయం మాత్రం నాకు మింగుడు పడలేదు. అన్ని మూతలు ఒక్క మనిషి చేతుల మీద అయ్యేవి కావు. చదును చేయడం, బెజ్జాలు వేయడం, తీగ మెలిపెట్టడం అన్నీ ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్లు పదుల సంఖ్యలో కూర్చుని చేస్తారు. వాళ్లు చేసిన పలకల్ని ఆయన నేల మీద పరిచి, జరిపి, ఫొటోలు తీసుకుని, మళ్లీ జరుపుతారు. శిల్పం ఆయనదే, కాదనను. 2015లో వెనిస్ బినాలే అనే కళా ప్రదర్శనలో జీవితకాల గౌరవంగా గోల్డెన్ లయన్ అవార్డు ఇచ్చారు, తగినదే. కానీ తీగ గుచ్చుకున్న వేళ్లు ఎవరివి? మా దగ్గర సీజు చేసిన ప్రతి సీసాకీ సాక్షుల సంతకాలు ఉండేవి మరి.

డబ్బు నీ ఖాతాలో వేశాను. కంచే కావాలని తేలితే పోయించుకో. పోత పోసే రోజున మాత్రం అక్కడే ఉండు. అచ్చులోని మైనపు బొమ్మ ఎప్పుడు కరిగింది, ఆ అచ్చు ఎలా కాల్చారు, కంచులో రాగి ఎంత, తగరం ఎంత, అన్నీ అడిగి తెలుసుకో. పోసినవాళ్ల పేర్లు రాసుకో.

ఇంకొకటి. ఆయన తన తెరలు ఇలాగే వేలాడాలని ఎక్కడా ఖాయం చేయరట. మడతపెట్టి పెట్టెల్లో పంపిస్తారు, ఎక్కడ మడతలు పడాలో ఆ గ్యాలరీవాళ్లే తేల్చుకోవచ్చు. ఒకసారి గోడ మీద, మరోసారి నేలదాకా జారుతూ. 2007లో వెనిస్‌లో ఒక పాత భవనం ముఖం మీదే కప్పారు. ప్రతి చోటా ఆకారం మారిపోతే, అది ఒకే బొమ్మ అని ఎలా అంటారు? మీ కాలేజీలో ఏమంటారో కనుక్కుని రాయి. నాకు తెలీక కాదు, మీ అన్నయ్యతో పందెం ఉంది.

ఆశీస్సులతో,
నాన్న